పాతబడింది ఫోనా, ఫోనులో ఒక భాగమా?

చెన్నై శివారు పట్టాభిరామ్‌కు రెండు వైపులా ఫోన్లు పుట్టే ఊళ్లున్నాయి. దక్షిణాన శ్రీపెరుంబుదూరులో నోకియా 2006లో మొదలుపెట్టిన కర్మాగారం 2014 నవంబరు 1న మూతపడింది. ఆ ప్రాంతంలోనే ఇప్పుడు ఫాక్స్‌కాన్ ఐఫోన్లను కూర్చి విదేశాలకు పంపుతోంది. ఉత్తరాన తిరువళ్లూరు జిల్లా పొలిమేర దాటగానే తడ దగ్గర శ్రీసిటీ ఉంది. అక్కడ 2015లో షావోమీ ఫోన్ల తయారీ మొదలైంది. ఆవడి నగరపాలక సంస్థ పరిధిలోని ఈ శివారుకు 2024 నవంబరులో 21 అంతస్తుల టైడెల్ పార్క్ కూడా వచ్చింది. ఇన్ని ఉన్నా, నాలుగేళ్ల కిందటి ఫోనుకు ఛార్జింగ్ పిన్ పోతే మాత్రం చెన్నై–తిరువళ్లూరు హైరోడ్డు పక్కనున్న చిన్న రిపేరు కొట్టే దిక్కు. అక్కడ సామాను లేకపోతే మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్ దాకా వెళ్లాలి. కొత్త ఫోను తయారీకి దగ్గరగా ఉండటం, పాత ఫోను బాగుచేతకు దగ్గరగా ఉండటం ఒకటి కాదు.

అలాంటి కొట్లో రోజంతా వినిపించే మాటలు కొన్నే. “అన్నా, ఛార్జ్ నిలవడం లేదన్నా.” “ఊరికే హ్యాంగ్ అవుతోంది.” “మాట్లాడుతుంటే ఎదుటివాళ్లకి వినపడదట.” వీటన్నిటికీ ఇంట్లో వినిపించే తీర్పు మాత్రం ఒక్కటే: ఫోను పాతదైపోయింది, కొత్తది కొనాలి. ఆ తీర్పు తొందరపాటుది. ఫోను మొత్తం ఒకేసారి ముసలిదైపోదు. బ్యాటరీ ఒక లెక్కన అరుగుతుంది, మెమరీ ఇంకో లెక్కన నిండుతుంది, ఛార్జింగ్ పిన్‌లో దుమ్ము చేరుతుంది, సాఫ్ట్‌వేర్‌కు కంపెనీ పెట్టిన గడువు తీరిపోతుంది. ఈ నాలుగింటి లక్షణాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఒక జబ్బుకు ఇంకో మందు వాడి డబ్బు పోగొట్టుకోవడం ఇంత మామూలైంది.

బ్యాటరీ సంగతే ముందు చూడాలి, ఎక్కువమంది కొట్టు మెట్లెక్కేది దానికోసమే కనుక. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనకున్న శాస్త్రానికి గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన నోబెల్ దక్కింది. ఈ బ్యాటరీ వాడినా తరుగుతుంది, వాడకుండా బీరువాలో పెట్టినా తరుగుతుంది. వాడకం వల్ల తరిగేదాన్ని సైకిళ్లలో లెక్కేస్తారు. ఇవాళ అరవై శాతం, రేపు నలభై శాతం ఖర్చు చేస్తే రెండూ కలిసి ఒక సైకిల్. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్ల బ్యాటరీలు 500 సైకిళ్ల తర్వాత మొదటి సామర్థ్యంలో 80 శాతం నిలుపుకునేలా తయారైనవని, 15 సిరీస్ నుంచి అది 1000 సైకిళ్లని ఆపిల్ చెబుతోంది. రోజుకో సైకిల్ అనుకుంటే 500 ఏడాదిన్నరలోపే అయిపోతాయి. కాబట్టి మూడేళ్ల ఫోనులో సాయంత్రానికి ఛార్జ్ నిలవకపోతే అది జబ్బు కాదు, వయసు. బ్యాటరీ మారిస్తే పోయే వయసు.

అయితే ఆ 500 సైకిళ్ల లెక్క చల్లటి ఊళ్లలో ఉన్నట్టు ఇక్కడ ఉండదు. ఫోను వాడే చోట 35 డిగ్రీలు దాటకూడదని తయారీదారు సూచన. మే నెలలో వాతావరణ శాఖ పట్టిక చూస్తే, 40 డిగ్రీలు దాటిన ఊళ్ల వరసలో ఇదే జిల్లాలోని తిరుత్తణి పేరు దాదాపు ఏటా ఉంటుంది. వేడి బ్యాటరీని ఎలా తినేస్తుందో బ్యాటరీ యూనివర్సిటీ అనే విజ్ఞాన వనరు ఇచ్చే లెక్కలో తెలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర నలభై శాతం ఛార్జ్‌తో ఏడాదిపాటు పక్కన పెట్టిన బ్యాటరీలో 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే 40 డిగ్రీల దగ్గర, నిండా ఛార్జ్ చేసి ఉంచితే 65 శాతమే మిగులుతుంది. అంటే వేడి ఒక్కటే కాదు, వేడీ, నిండు ఛార్జూ కలవడం అసలు శత్రువు. రేకుల ఇంట్లో, దిండు కింద, మందపాటి కవరు తీయకుండా రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచిన ఫోనుకు జరిగేది అదే. బైకు హ్యాండిల్‌కు తగిలించి, ఎర్రటి ఎండలో మ్యాప్ పెట్టుకుని, పవర్ బ్యాంకు కూడా తగిలించి డెలివరీకి తిరిగే కుర్రాళ్ల ఫోన్లయితే పగలే ఆ శిక్ష అనుభవిస్తాయి.

చేయగలిగింది చాలానే ఉంది, అదీ ఖర్చు లేకుండా. ఛార్జింగ్ పెట్టినప్పుడు కవరు తీయాలి. సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే వీలుంటే పెట్టుకోవాలి. కొత్త ఫోన్లలో చాలావాటికి ఆ వసతి ఉంది. ఛార్జింగ్‌లో ఉండగా గేమ్ ఆడటం మానాలి. వేడెక్కిన ఫోనును ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు. లోపల తేమ చేరి కొత్త జబ్బు పుడుతుంది. నీడలో, ఫ్యాను కింద పెడితే చాలు.

ముప్పై శాతం ఛార్జ్ చూపిస్తూనే ఫోను ఠక్కున ఆగిపోవడం మరో ఫిర్యాదు. చాలామంది దీన్ని మదర్‌బోర్డు జబ్బు అనుకుంటారు. ఎక్కువసార్లు అది బ్యాటరీదే. వయసు పెరిగేకొద్దీ బ్యాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో, వీడియో కాల్ మొదలైనప్పుడో ఒక్కసారిగా కరెంటు ఎక్కువ కావలసి వస్తే, వోల్టేజీ పడిపోయి ఫోను ఆగిపోతుంది. ఈ ఆగిపోవడాన్ని తప్పించడానికే ఆపిల్ 2017లో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో పాత ఐఫోన్ల వేగాన్ని తగ్గించింది, ఆ సంగతి వాడేవాళ్లకు విడమరచి చెప్పలేదు. అదే ఏడాది డిసెంబరులో విషయం బయటపడి గొడవయ్యాక క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకు దించింది. 2020లో ఫ్రాన్స్ వినియోగదారుల శాఖ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ గొడవలోంచి సామాన్యుడికి పనికొచ్చే పాఠం ఒకటుంది. నెమ్మదించిన ఫోనుకు కొన్నిసార్లు కావలసింది కొత్త ఫోను కాదు, కొత్త బ్యాటరీ. వేలమంది ఆ సంగతి తెలియక కొత్తవి కొన్నారన్నదే అప్పటి కోపానికి మూలం, ఆ కోపం న్యాయమైనది.

బ్యాటరీ ఉబ్బితే వేరే మాట. వెనక మూత లేచినా, స్క్రీన్ ఒక పక్క పైకి వచ్చినా ఆ క్షణం నుంచి ఛార్జింగ్ ఆపేయాలి. లోపలి ద్రవం విడిపోయి వాయువు చేరిందని దానర్థం. వేలితో నొక్కి సర్దడం, సూదితో పొడవడం ప్రాణాంతకం. కొత్త బ్యాటరీ వేయించేటప్పుడు దానిమీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, దాని వెంట ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. ఆ సంఖ్య నిజమైనదా కాదా అన్నది బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఛార్జర్లకూ ఇదే పద్ధతి. రైల్వే స్టేషన్ బయట పేరులేని ఛార్జర్ కొని డబ్బు మిగిలిందనుకునేవాళ్లు ఈ ఒక్క పరీక్ష చేస్తే బాగుంటుంది.

అసలు ఛార్జే ఎక్కకపోతే? ముందు కేబుల్ మార్చి చూడాలి, తర్వాత ఛార్జర్, ఆ తర్వాతే ఫోను. ఈ వరస పాటించకుండా కొట్టుకెళ్లి పిన్ మార్పించుకుని, ఇంటికొచ్చాక తప్పు కేబుల్‌దని తెలుసుకునేవాళ్లున్నారు. జేబులో నూలు పోగులు, దుమ్ము పిన్ లోపల అడుగున గట్టిగా అణిగిపోతాయి. కేబుల్ పూర్తిగా లోపలికి దిగదు, కాస్త కదిపితే ఛార్జ్ ఎక్కుతుంది, వదిలేస్తే ఆగుతుంది. ఫోను ఆపేసి, చెక్క పళ్లపుల్లతో మెల్లగా దుమ్ము తీస్తే చాలాసార్లు అంతటితో సరి. గుండుసూది వాడకూడదు, లోపలి రేకులు వంగిపోతాయి. ఇయర్ స్పీకర్ జాలీకి మెత్తటి పొడి బ్రష్ చాలు. ఫోన్ మాట్లాడుతుండగా స్క్రీన్ నల్లబడి తిరిగి రాకపోతే, పైభాగంలో ఉండే సెన్సర్ మీదికి టెంపర్డ్ గ్లాస్ జరిగిందేమో చూడాలి. ఎదుటివాళ్లకు మాట వినపడకపోతే కింది అంచున మైకు రంధ్రాన్ని కవరు మూసేసిందేమో చూడాలి.

ఇక నెమ్మదించడం. 2018 జనవరిలో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక కథనం వేసింది: భారతదేశంలో స్మార్ట్‌ఫోన్ వాడేవాళ్లలో ముగ్గురిలో ఒకరికి రోజూ ఫోనులో చోటు అయిపోతోందట. గూగుల్ పరిశోధకులు వెతికితే తేలిన కారణం, పొద్దున్నే వచ్చి పడే శుభోదయం బొమ్మలు. పువ్వులు, దేవుళ్లు, సూర్యోదయాలు. అప్పటికి కొద్ది వారాల ముందే గూగుల్ ఫైల్స్ గో అనే యాప్‌ను తెచ్చింది, ఆ బొమ్మల్ని గుర్తుపట్టి ఒక్క దెబ్బతో తుడిచే ఏర్పాటు కూడా అందులో పెట్టింది. కుటుంబ గ్రూపులు, భక్తి గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపులు, తమిళంలో కొన్ని, తెలుగులో కొన్ని ఉన్న ఇంట్లో ఈ భారం రెట్టింపు.

చోటు నిండితే ఫోను ఎందుకు నెమ్మదిస్తుంది? ఫోనులోని ఫ్లాష్ మెమరీ, ఉన్నదాని మీదే కొత్తది నేరుగా రాయలేదు. ఒక గడి మొత్తం ఖాళీ చేసి మళ్లీ రాయాలి. ఖాళీ గడులు దొరకకపోతే ఉన్న సమాచారాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ చోటు చేసుకోవాలి. పెళ్లివారు దిగిన ఇంట్లో చాప పరచడానికి ముందు పెట్టెలు జరిపినట్టే ఆ పని. చవక ఫోన్లలో ఉండే ఇఎంఎంసీ రకం మెమరీకి ఇది మరీ కష్టం. పదో పదిహేనో శాతం చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచుకుంటే సగం ఫోన్ల హ్యాంగ్ తగ్గుతుంది. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ విభాగం తెరిస్తే ఏ గ్రూపు ఎంత మింగిందో వరసగా కనిపిస్తుంది. మీడియా తనంతట తాను దిగడాన్ని అక్కడే ఆపేయవచ్చు. ర్యామ్ క్లీనర్లు, బూస్టర్లు అని పేరు పెట్టుకున్న యాప్‌లు మాత్రం అక్కర్లేదు. అవి ఆపేసిన యాప్‌లను ఆండ్రాయిడ్ మళ్లీ మొదటి నుంచి తెరవాలి, అందుకు బ్యాటరీ మరింత ఖర్చు. వాటి ప్రకటనల బరువు అదనం.

తప్పు ఫోనుదా, ఫలానా యాప్‌దా అని తేల్చడానికి సేఫ్ మోడ్ ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ ఆఫ్ గుర్తుమీద వేలు గట్టిగా నొక్కి ఉంచితే ఆ దారి తెరుచుకుంటుంది. అందులో ఫోనుతో వచ్చిన యాప్‌లు మాత్రమే నడుస్తాయి. అక్కడ ఫోను చక్కగా ఉంటే దోషి మనం వేసుకున్న యాపే. దొరికేదాకా ఒక్కొక్కటే తీసేయాలి. ఫ్యాక్టరీ రీసెట్ దీని తర్వాతి మెట్టు, మొదటి మెట్టు కాదు.

సాఫ్ట్‌వేర్ వయసు కంటికి కనిపించదు, అందుకే అది ప్రమాదకరం. తెలుగువాళ్లకు ఈ విషయంలో సొంత అనుభవమే ఉంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న ఊరు. అక్కడి నుంచి పట్టాభిరామ్ దాకా రైలు దారి పొడవునా ఇవాళ్టికీ తెలుగులో సందేశాలు పంపుకునే ఇళ్లున్నాయి. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షర సముదాయం, ‘జ్ఞా’కు దగ్గరి రూపం, సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో ఆ సందేశాల యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌లో కనిపిస్తే కొన్ని ఫోన్లు పదేపదే ఆగి మొదలయ్యేవి. అక్షరాన్ని తెరమీద గీసే విధానంలోని లోపం అది. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6 దాన్ని సరిచేసింది. అప్‌డేట్ వేసుకున్నవారికి బాధ తీరింది. అప్‌డేట్లు రావడమే ఆగిపోయిన ఫోనులో అలాంటి లోపం బయటపడితే దిద్దేవారుండరు. అది భద్రతా లోపమైతే ఫోనులోని బ్యాంకు ఖాతాకే ముప్పు.

ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారన్నది కొనేటప్పుడే అడగాల్సిన ప్రశ్న. 2023 అక్టోబరులో వచ్చిన పిక్సెల్ 8కి గూగుల్, 2024 జనవరిలో వచ్చిన గెలాక్సీ ఎస్24కి సామ్‌సంగ్ ఏడేళ్ల మాట ఇచ్చాయి. పది, పన్నెండు వేల ఫోన్లకు అంత ఉదారత తక్కువ. ఎక్కువమంది కొనేవి మాత్రం అవే. వాట్సాప్ 2023 అక్టోబరు నుంచి ఆండ్రాయిడ్ 5.0 కంటే పాతవాటిని, 2025 మే నుంచి ఐఓఎస్ 15.1 కంటే పాతవాటిని వదిలేసింది. అన్నీ బాగున్నా ఏ వెబ్‌సైటూ తెరుచుకోకపోతే ఒకసారి తేదీ, సమయం చూడాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన పాత ఫోను పాత తేదీ పెట్టుకుని కూర్చుంటే, వెబ్‌సైట్ల భద్రతా పత్రాలన్నీ దాని కంటికి చెల్లనివే.

సిగ్నల్ విషయంలో తప్పు చాలాసార్లు ఫోనుదీ కాదు, టవర్‌దీ కాదు, కాలానిది. ఎయిర్‌టెల్ 2020కల్లా తన 3జీని మూసేసింది. జియోకు మొదటి నుంచీ 4జీయే. 4జీ మీదే కాల్స్ నడిపే వోల్టీ సదుపాయం లేని పాత ఫోను జియోలో మామూలు కాల్ చేయలేదు. ఎయిర్‌టెల్‌లో 2జీకి దిగిపోతుంది. వోల్టీ ఉన్న ఫోనే అయినా సెట్టింగుల్లో ఆ మీట ఆపేసి ఉంటే ఇవే తిప్పలు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను గట్టిగా అరిచి టవర్‌ను పిలవాలి, దాంతో బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది.

స్క్రీన్ గురించి చెప్పేది కొంచెమే. పగిలితే డిస్‌ప్లే, టచ్ కలిపి ‘కాంబో’గా మార్చాలి. చవక పాత ఫోనయితే దాని ధరలో పెద్ద భాగం ఈ ఒక్కదానికే పోతుంది. అక్కడ మార్పించడం దండగే కావచ్చు. ఓఎల్ఈడీ తెరల మీద నిలువుగా ఆకుపచ్చ గీత పడితే మాత్రం ముందు కంపెనీని అడగాలి. వన్‌ప్లస్ భారతదేశంలో కొన్ని మోడళ్లకు ఈ గీత విషయంలో జీవితకాల స్క్రీన్ వారంటీ ప్రకటించింది.

నీళ్లలో తడవడం ఈ జిల్లాలో అరుదైన సంగతి కాదు. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తిరువళ్లూరు, చెన్నై జిల్లాలను ముంచాయి. తడిసిన ఫోను బియ్యం డబ్బాలో వేయడం ఇంటింటి వైద్యం. బియ్యంలోని సన్నటి నలక ఫోనును పాడు చేయగలదని, ఆ పని వద్దని 2024లో ఆపిల్ తన సూచనల్లో రాసింది. వెంటనే ఆపేసి, పిన్ కిందికి ఉండేలా పట్టి తట్టి, గాలి తగిలే చోట పెట్టాలి. ఆరేదాకా ఛార్జర్ తగిలించకూడదు. నీటికంటే నీటిలో పారే కరెంటే బోర్డును కాలుస్తుంది. నీటి నుంచి రక్షణను సూచించే ఐపీ68 అని రాసి ఉంది కదా అన్న ధైర్యం నాలుగేళ్ల ఫోనుకు పనికిరాదు. లోపలి రబ్బరు, జిగురు వయసుతో వదులవుతాయి, ఒకసారి విప్పిన ఫోనుకు ఆ రక్ష ఇంకా తక్కువ.

ఇంత తెలిసినా చివరికి విడిభాగం దొరకాలి. భారతదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో బాగుచేయించుకునే హక్కుపై కమిటీ వేసి, డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. 2024 సెప్టెంబరులో భరత్ ఖేరా అధ్యక్షతన మరో కమిటీ ఏర్పడి, 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఫోనును విప్పడం ఎంత తేలిక, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, అప్‌డేట్లు ఎన్నాళ్లు వంటివి చూసి ఐదు పాయింట్ల కొలతలో మార్కులు వేయాలన్నది దాని సిఫారసు. ఐరోపా సమాఖ్య ఒక అడుగు ముందుంది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్ల బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత 80 శాతం నిలవాలి, అమ్మకం ఆగాక ఏడేళ్లపాటు విడిభాగాలు, ఐదేళ్లపాటు అప్‌డేట్లు ఇవ్వాలి. శ్రీపెరుంబుదూరులో తయారై ఐరోపాకు ఓడెక్కే ఫోనుకు ఆ హామీ ఉండి, అదే ఊరి చుట్టుపక్కల అమ్ముడుపోయే ఫోనుకు లేకపోవడం సరికాదు. కొనేవాళ్లు గట్టిగా అడగాల్సిన విషయమిది.

ఏది బాగుచేయించాలి, ఏది వదులుకోవాలి? అప్‌డేట్లు ఇంకా వస్తున్న ఫోనుకు బ్యాటరీ, పిన్ మార్పిడి నిస్సందేహంగా లాభం. అప్‌డేట్లు ఆగిన ఫోనుకు ఖరీదైన కాంబో వేయించడం నష్టం. దాన్ని యూపీఐకీ బ్యాంకు యాప్‌లకూ దూరంగా ఉంచి, పాటలకో, పిల్లల పాఠాలకో వాడుకోవచ్చు. మదర్‌బోర్డు ఐసీ మార్చాలంటే వారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకున్నాకే ఒప్పుకోవాలి.

కొట్టులో ఇచ్చేముందు ఫొటోలు, కాంటాక్టులు వేరేచోట దాచుకోవాలి. సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ పెడితే మెకానిక్ ఫోనును పరీక్షించగలడు కానీ సొంత సమాచారం చూడలేడు. ఫోనును అమ్మేటప్పుడు రీసెట్‌కు ముందే గూగుల్ ఖాతా తీసేయాలి, లేకపోతే కొన్నవారి చేతిలో లాక్ పడి తెరుచుకోదు. పాత ఫోను కొనేవారు *#06# నొక్కి ఐఎంఈఐ సంఖ్య చూసుకుని, ఆంగ్లంలో కేవైఎమ్ అన్న మూడక్షరాలు, ఖాళీ, ఆ సంఖ్య రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపితే అది చెల్లుబాటయ్యే ఫోనో, బ్లాక్ చేసిన ఫోనో జవాబు వస్తుంది. పోయిన ఫోనును బ్లాక్ చేయించే సంచార్ సాథీ పోర్టల్ 2023 మే నుంచి నడుస్తోంది. ఇక ఏ పనికీ రాని ఫోనును, ముఖ్యంగా ఉబ్బిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ–వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఫోన్లను పద్ధతిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుదే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఎక్కడ అప్పజెప్పాలో చెప్పాలి.